ఆరు గంటల అతిథులు

మా యానాము విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలలో ఇచటివారు 55,626 మంది. 1929 నాటి శారదా చట్టము ఫ్రెంచివారి ఏలుబడిలోనున్న ఈ ఊరికి వర్తింపనందున, చుట్టుపట్లవారు పిల్లల పెండ్లిండ్లు చేయుటకు ఇచటికి వచ్చెడివారు. కల్యాణపురమను పేరు అట్లు కలిగినది. తరువాతి కాలమున మద్యము చౌకయని వచ్చువారు బయలుదేరిరి. ఉదయము వచ్చి సాయంకాలమునకు మరలిపోయి, "యానాములో సీసాలు తప్ప ఏమున్నవి?" అనువారిని ఎరుగనివారు మనలో లేరు. ఆ మాట విన్నప్పుడెల్ల మాకు మనసు చివుక్కుమనెడిది.

అట్టి మేము, సియాటిల్‌లోనున్న కుమారుని బలవంతమున, దంపతులమిరువురమును ఓడపై అలాస్కా చూడబోతిమి. కెచికన్, జూనో, స్కాగ్వే అను రేవులలో ఓడ నిలిచినది. స్కాగ్వే త్లింగిత్ జాతివారి సీమ. 1897-98లో క్లాండైక్ బంగారమునకై పరుగెత్తినవారు ఆ దారిని పోయిరి. 1900లో పూర్తియైన కొండ రైలు నేటికిని యాత్రికులను త్రిప్పుచున్నది. మేమును ఎక్కి దిగి, వీధిలో కొంత తిరిగి, ఆరు గంటలలో ఓడ చేరితిమి. ఊరెట్లున్నదని కుమారుడడుగగా, "నగల అంగళ్లు తప్ప ఏమున్నవి?" అంటిమి. "మన ఊరిలో సీసాలు మాత్రమే చూచి పోవువారికిని మీకును భేదమేమండీ?" అని మా సహధర్మచారిణి అడిగినది. ఆ రాత్రి భోజనము రుచింపలేదు.

జీవితమంతయు పద్దులు వ్రాసిన చేయి గదా, లెక్క వేసితిమి. స్కాగ్వేలో నివాసులు సుమారు 1,200 మంది. 2019లో ఓడలపై వచ్చినవారు సుమారు 10 లక్షలు. అనగా తల ఒక్కింటికి ఎనిమిది వందలకు పైగా అతిథులు! తిథి చూడక వచ్చువాడు అతిథి యందురు. మేమన్ననో, నిమిషములతో సహా అచ్చువేసిన పట్టిక ననుసరించి వచ్చినవారము. గృహస్థునకు మా ముఖము గుర్తుండునా? ఓడలు రాని చలికాలమున చాల అంగళ్లు మూతపడును. పనికై వచ్చినవారు వెడలిపోదురు. మిగిలినవారే ఊరు. వారిని మేము చూడనే లేదు.

అయినచో పోకుండుటయే ధర్మమా? అట్లనియు తోచదు. 2020లో కరోనా వలన అచటికి పెద్ద ఓడలు రాలేదు. ఆ రేవులవారు జీవనమునకు ఇబ్బందిపడిరి. జూనోలో రోజునకు అయిదు పెద్ద ఓడలకు మించరాదని ఏర్పాటు చేసి 2024 నుండి అమలుపరచిరి. శనివారములు పెద్ద ఓడలే వలదను ప్రతిపాదనను మాత్రము, అదే సంవత్సరము అక్టోబరులో అచటి ఓటర్లే త్రోసిపుచ్చిరి. ఇల్లు గలవాడు తలుపు ఎంత తెరవవలెనో తానే నిర్ణయించుకొనుట న్యాయము. లోనికి వచ్చినవాని పూచీ వేరు. డబ్బిచ్చి కొన్నది వస్తువును మాత్రమే. ఊరిమీద తీర్పు చెప్పు అధికారము ఆ వెలలో చేరి యుండదు. మా యానామును గూర్చి తేలికగా మాటలాడినవారును ఏదో కొని, వెల చెల్లించియే పోయిరి గదా!

కుమారుడు మరల రమ్మని వ్రాసినాడు. మూడు రేవులేల, ఒక్క ఊరిలో పది దినములుండరాదా యని అడిగితిమి. అన్ని దినములు సెలవు దొరకదనినాడు. అదియు నిజమే.