అధికుని యెదుట

తనకంటె అన్నివిధముల అధికుడైనవానితో పోటీకి దిగవలసివచ్చినప్పుడు మనుష్యుడేమి చేయవలెను? ఓటమి తథ్యమని లోకమంతయు ముందే నిశ్చయించియున్నప్పుడు, ఆ పోటీకై పడు శ్రమకు అర్థమేమి? ఈ ప్రశ్న మల్లులకును ఆటగాండ్రకును మాత్రమే చెందినదని తలంపరాదు. బిడ్డలను బడికి పంపు ప్రతి గృహమునందును ఇది దినదినమును పుట్టుచునే యున్నది. మన యిండ్లలో నేడు ర్యాంకు అను మాట వినబడని పూట లేదు. పిల్లవాడేమి నేర్చెనని యడుగువారికంటె ఎన్నవవాడుగా వచ్చెనని యడుగువారే హెచ్చు. ఇరువదియేండ్లుగా ఉపాధ్యాయవృత్తిలో నున్న నేనును ఆ గుంపులోని వాడనే. ఈ విషయమున నా తప్పొకటి గలదు. దానిని తరువాత విన్నవించెదను.

నాకు ఈ ప్రశ్నను స్పష్టముగా చూపినది ధర్మశాస్త్రము గాదు. అమెరికాదేశమున కళాశాల విద్యార్థులు ఆడిన యొక బంతియాట. బాస్కెట్‌బాల్ ఆటను 1891వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించెను. పండ్లబుట్టలను పదియడుగుల యెత్తున కట్టించి, వానిలో బంతిని వేయించుటయే దాని యారంభము. గమ్యము తలపైన నుండుటచేత పొడగరికి ఈ యాటలో సహజముగనే యొక మేలు గలదు. పొట్టివాడెంత సాధన చేసినను తన యెత్తును పెంచుకొనజాలడు.

ఆ దేశమున కళాశాలల జట్లకు ఏటేట మార్చినెలలో జాతీయమైన పోటీ జరుగును. 1985 నుండి దానికి 64 జట్లను తీసికొని, నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున 1 మొదలు 16 వఱకు స్థానములు నిర్ణయించుట ఆచారమయ్యెను. తరువాతి కాలమున జట్ల సంఖ్య 68కి పెరిగినను క్రమ మదియే. మొదటి స్థానమువారు మొదటి యాటలో పదునాఱవ స్థానమువారితో తలపడవలెను. 1985 నుండి 1988 వఱకు నాలుగేండ్లలో ఇట్టి యాటలు 16 జరుగగా, పదునాఱింటను మొదటి స్థానమువారే గెలిచిరి. చిన్న కళాశాలల కూటములకు ఇందు చోటిచ్చుట దండుగ యనియు, ఆ చోట్లను పెద్దవారికే యిచ్చుట మేలనియు ఆ కాలమున మాటలు బయలుదేరెను.

1989లో పదునాఱవ స్థానము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. ఆటలో నేర్పును జూచి విద్యార్థివేతనము లిచ్చు పద్ధతి వారి కూటమిలో లేదు. వారికెదురుగా నిలిచినది జార్జిటౌన్. ఆ జట్టులో అలోంజో మోర్నింగ్ అను యువకుడుండెను. అతని యెత్తు ఆఱడుగుల పదియంగుళములు. ఎదుటివారు వేసిన బంతిని గాలిలోనే అడ్డగించుటలో ఆ యేడు దేశమున అతనికి సాటి లేదు. అతనికి తోడు డికెంబె ముటోంబో అను ఏడడుగుల రెండంగుళములవాడు.

ప్రిన్స్‌టన్ శిక్షకుడు పీట్ కారిల్. ఇతని తండ్రి స్పెయిన్ నుండి వలసవచ్చి పెన్సిల్వేనియాలోని ఉక్కుకర్మాగారమున కూలిచేసి జీవించినవాడు. బలవంతుడు బలహీనుని యొద్దనుండి లాగుకొనును గాని, తెలివిగలవాడు బలవంతుని యొద్దనుండియే గ్రహించునని ఆ తండ్రి కుమారునికి చెప్పుచుండెడివాడట. ఆ కుమారుడు చేసిన సన్నాహమే మన విచారమునకు ముఖ్యమైనది.

మొదటిది: సాధన వేళ సహాయశిక్షకులు చీపుళ్లు పైకెత్తి నిలువగా, బాలురు ఆ చీపుళ్లమీదుగా బంతిని వేయుట నేర్చిరి. మోర్నింగ్ చేయి ఎంత యెత్తు లేచునో అంత యెత్తు చీపురు లేచెను. నవ్వు పుట్టించు నీ పనిలో గొప్ప యర్థమున్నది. పేరు విని భయపడినంతకాలము శత్రువు బలమునకు హద్దు లేదు. చీపురుతో కొలిచిన తరువాత అది యిన్ని యడుగులు, ఇన్ని యంగుళములు. తగ్గినది అతని బలము గాదు; వీరి యజ్ఞానము.

రెండవది: ఆటను మెల్లగా నడపుట. బంతి చేజిక్కిన జట్టు 45 సెకండ్లలో దానిని బుట్టవైపు వేయవలెనని నాటి నియమము. ప్రిన్స్‌టన్‌వారు తొందరపడక, తగిన యవకాశము దొరకువఱకు ఆ గడువును వాడుకొనిరి. అవకాశములు ఎక్కువైనకొలది బలవంతుని బలము బయటపడును. తక్కువైనచో బలహీనునికి ఆశ మిగులును.

మూడవది: ఎదుటివాని యాతురతను కనిపెట్టుట. ఆటగాడు బంతి నందుకొనుటకై బుట్టకు దూరముగా అడుగు వేయును. కాపలాదారు దానిని నడుమనే పట్టవలెనని ముందుకురుకును. ఆ క్షణముననే యితడు వెనుదిరిగి, అతని వీపువెనుకగా బుట్టవైపు పరుగిడును; సహచరుడు బంతిని అచటికే యందించును.

ఇది వంచన గాదా యని కొందఱడుగవచ్చును. గదాయుద్ధమున భీముడు తొడలపై కొట్టినప్పుడు బలరాముడు కోపించెను. ఏలయన, నాభికి దిగువను కొట్టరాదను నియమము ఇరువురికిని సమానము, దానిని భీముడు మీఱెను. ఇచట మీఱబడిన నియమమేదియు లేదు. ఎదుటివాడు నమ్మి యప్పగించిన దానిని అపహరించుట వంచన. ఎదుటివాని తొందరపాటును తెలిసికొని నియమములోపల వర్తించుట నేర్పు. ఆ నేర్పు వారికిని దుర్లభము గాదు. కావున దోషములేదు.

మార్చి 17వ తేదీన ప్రావిడెన్సు నగరమున ఆట జరిగెను. సగమాట ముగియునప్పటికి ప్రిన్స్‌టన్‌వారికి 29, జార్జిటౌన్‌వారికి 21. చూపఱులు తమ కన్నులను తామే నమ్మలేకపోయిరి. రెండవ సగమున మోర్నింగ్ విజృంభించెను. చివరి నిమిషమున 50కి 49గా జార్జిటౌన్ ముందునకు వచ్చెను. మిగిలిన కొలదికాలములో ప్రిన్స్‌టన్‌వారు రెండుమారులు బంతిని వేసిరి. రెండుమారులును మోర్నింగ్ చేయి అడ్డుపడెను. ఒక్క పాయింటుతో వారోడిపోయిరి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. చీపుళ్లతో చేసిన సాధన యంతయు వ్యర్థమేనా? ఇందుకు లోకమున రెండు విధములైన సమాధానములు వినబడును. ఓటమి యోటమియే, ఒక్క పాయింటుతో ఓడినను ముప్పదితో ఓడినను ఒక్కటే, తక్కినది దుర్బలుల యూరట యని కొందఱందురు. ఫలము మన యధీనము గాదు, కర్మ చేయుటయే మన పని, గెలుపోటములను తలపనే కూడదని మఱికొందఱందురు. ఈ రెండును నాకు సమ్మతములు గావు.

మొదటివారు ఫలమనగా పట్టికలోని యంకె యొక్కటే యనుకొనుచున్నారు. ఆ యాట తరువాత చిన్నకూటములను తొలగింపవలెనన్న మాట సన్నగిల్లెనని ఆ క్రీడాచరిత్ర తెలిసినవారు పలువురు చెప్పుదురు. ఓడినవారు తమవంటి వారందఱకు వాకిలి తెఱచియుంచిరి. మఱియు 1996లో కారిల్ శిక్షలోనే పదుమూడవ స్థానమున నున్న ప్రిన్స్‌టన్ జట్టు, అంతకుముందటి యేటి విజేతయైన యూసీఎల్‌ఏను 43కి 41గా నోడించెను. నిర్ణయాత్మకమైన బంతి బుట్టలో పడినది నేను పైని వర్ణించిన వీపువెనుక పరుగు చేతనే! ఏడేండ్లనాడు ఓటమిని తప్పింపలేని విద్యయే ఆనాడు గెలుపు నిచ్చెను. విద్య ఒక్కనాటి ఫలముతో పరీక్షింపబడదగినది గాదు.

రెండవవారి మాట గంభీరమైనది గాని, వారు దాని యర్థమును జాఱవిడిచినారు. గెలువవలెనను కోరిక లేనివాడు చీపురెత్తునా? చివరి క్షణముల రెండవ బంతిని వేయునా? ఫలముపై ఆసక్తి వలదనుట, ఫలము దక్కకున్నచో కర్మ మానకుమనుటకు గాని, ఫలమునందు ఉదాసీనుడవై కర్మను తేలికగా చేయుమనుటకు గాదు. మనలో ననేకులు సోమరితనమునకు వైరాగ్యమను పేరు పెట్టుకొని తృప్తిపడుచున్నారు.

నాకు తోచిన సమాధానమిది. అధికుని యెదుట మనుష్యునికి రెండు తప్పుదారులు గలవు: భయము, తిరస్కారము. భయపడువాడు ఎదుటివానిని చూడడు, అతని కీర్తిని చూచును. తిరస్కరించువాడును చూడడు, తన గర్వమును చూచును. ఇరువురును అజ్ఞానులే. సన్నాహమనగా అధికుని ఉన్నవానిని ఉన్నట్లు చూచుట. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ అను చిన్న విశ్వవిద్యాలయపు జట్టు ఇట్లే చేసెను. ఆ తరగతి జట్లన్నిటిలో పొట్టివారు వారే. ఎదుట పర్డ్యూ జట్టున ఏడడుగుల నాలుగంగుళముల జాక్ ఈడీ. పొట్టివారు అతనికి ముందొకరు వెనుకొకరు నిలిచి బంతి చేరకుండ జేసి, 63కి 58గా గెలిచిరి. పొట్టితనము మాఱలేదు, దాని వినియోగము మాఱినది.

ఇంతమాత్రమున, ప్రయత్నించినచో ఎవ్వడైనను గెలుచునని పిల్లలకు బోధింపరాదు. అది యసత్యము. 1985 నుండి 2018 మార్చి వఱకు మొదటివారికిని పదునాఱవవారికిని 135 ఆటలు జరుగగా, ఒక్కటియైనను పదునాఱవవారు గెలువలేదు. 2018 మార్చి 16వ తేదీన మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖవారు వర్జీనియాను 74కి 54గా నోడించి ఆ వరుసను త్రెంచిరి. స్థాననిర్ణయము చేయువారు మూఢులు గారు. వారి లెక్క తఱచుగా సరియైనదే. కాని లెక్క యనునది జరుగబోవుదానిని గూర్చిన యూహ, తీర్పు గాదు. ఊహను తీర్పుగా భావించి ఆట నాడకయే యుండుట అవివేకము. ఓడిన వర్జీనియావారి విషయముగూడ తెలిసికొనదగినది: అంతటి పరాభవము పొందిన జట్టే మఱుసటి యేట 2019లో జాతీయవిజేత యయ్యెను. పెద్దస్థానమువానికిని ఓటమి పాఠము చెప్పగలదు.

ఇంతకంటె ముఖ్యమైన భేద మొకటి గలదు. ఆడి సంపాదించిన స్థానము వేఱు. ఎదుటివానిని ఆడనీయక నిలుపుకొన్న స్థానము వేఱు. అర్జునుని ప్రథమస్థానము చెడకుండుటకై ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలిని దక్షిణగా అడిగెను. నాటినుండి నేటివఱకు ఆ కథను చదివి కంటతడి పెట్టనివారు లేరు; కాని మన సంఘమున ఎన్ని వ్రేళ్లు ఇంకను కోయబడుచున్నవో చూచుకొనువారు కొందఱే. ఈ కులమువానికి ఈ చదువేల యనియు, ఆడపిల్లకు అంత పోటీయేల యనియు పలుకునప్పుడెల్ల మనము ద్రోణులమే. చిన్నకూటములకు చోటు వలదన్న యా మాటయు అట్టిదే. వారు ఓడుదురనుట నిజమే కావచ్చును. ఓడుటకు వారికి గల హక్కును తీసివేయుట మాత్రము అధర్మము.

నా తప్పును చెప్పెదనంటిని. కొన్నియేండ్ల క్రిందట నా తరగతిలోని యొక బాలిక, రాష్ట్రమంతటికిని జరుగు గణితపరీక్షకు కూర్చుండవలెనని నన్ను సలహా యడుగ వచ్చెను. ఆమె తండ్రి కూలిపని చేయువాడు. "నగరములలో ఏండ్లతరబడి శిక్ష పొందిన పిల్లలతో నీకేటి పోటీ తల్లీ? రుసుము దండుగ, మనసుకు కష్టము" అని నేను దయతోనే చెప్పితిని. "సరేనండి మాస్టారూ" అని యామె వెడలిపోయెను. నా లెక్క బహుశః సరియైనదే. ఆమె యెన్నికగుట దుర్లభము. కాని నేనామెకు తప్పించినది ఓటమిని గాదు. ఆ పరీక్షకై ఆఱునెలలు చేయబోవు సాధనను. ఆ లెక్కలు ఆమెవై యుండెడివి. ఏ పట్టికయు వానిని తిరిగి లాగుకొనజాలకపోయెడిది. కారిల్ తన బాలురకు చీపురెత్తి చూపెను. నేనామెకు వాకిలి చూపితిని.

కావున తల్లిదండ్రులకును, నా తోడి యుపాధ్యాయులకును నా విన్నపమిది. బిడ్డ తనకంటె అధికుని యెదుర్కొనవలెనని వచ్చినప్పుడు, గెలిచెదవని పొగడకుడు, ఓడెదవని అదలింపకుడు. ఎదుటివాని యెత్తెంతయో వానితోగూడ కూర్చుండి కొలువుడు. ఏమి నేర్వవలెనో అప్పుడు తెలియును. నేర్చిన తరువాత ఆటకు పంపుడు. ఇంటికి తిరిగివచ్చిన వేళ ఎన్నవవాడవని అడుగుటకు ముందు, ఏమి నేర్చితివని యడుగుడు.