నౌకాదళాధిపతియు, పల్లె బస్సును

మంగళగిరి బస్సు స్టాండులో విజయవాడ బస్సునకు ఎదురుచూచువారిలో, ఆ రవాణా సంస్థకు ఒకప్పుడు భారత నౌకాదళాధిపతిగా పనిచేసిన వారొకరు అధ్యక్షులుగా నుండిరని ఎరిగినవారు బహు కొద్దిమంది. వైస్ అడ్మిరల్ రామదాస్ కటారిగారు 1958లో నౌకాదళాధిపతి పదవి నందిన మొదటి భారతీయులు. విక్రాంత్ నౌక మన దళమున చేరుటయు, గోవా విముక్తియు 1961లో వారి హయాముననే జరిగినవి. 1962లో విరమించిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బాధ్యత వహించి, 1964లో బర్మాకు రాయబారిగా వెళ్ళిరి. 1983లో దివంగతులైరి.

అంతటి సేనాని బస్సుల లెక్కలు చూచుట ఒక మెట్టు దిగుటయా? కాయకమున హెచ్చుతగ్గులు లేవని మనము వల్లించుచుందుము. అయినను నూలియ చందయ్య తన చేతులతో తాళ్ళు పేనిన శరణుడు. అధ్యక్షులు కుర్చీలో కూర్చుండువారు. రెండును ఒకటే యనుట ముఖప్రీతి మాట.

అయితే ఆ కుర్చీకిని దాని కష్టము దానికి కలదు. ఓడపై అధిపతి ఆజ్ఞకు ఎదురుమాట లేదు. బస్సు ప్రయాణికుడు సలాము చేయడు. టిక్కెట్టు కొని, ఆలస్యమునకు నిలదీయును. యుద్ధనౌకను లాభనష్టములు అడుగువారు లేరు. పట్టణముల నడుమ తిరుగు బస్సు లాభము తెచ్చును. పొలముల నడుమ పల్లెకు పోవునది డీజిలు ఖర్చైనను రాబట్టకపోవచ్చును. దానిని ఆపవలెనా, నడుపవలెనా? తమ ఆర్జన దాసోహమునకే యని శరణులు తమ ఇంటి విషయమున తేల్చుకొనిరి. పదిమంది సొమ్ముతో నడచు సంస్థకు పెద్దయైనవాడు అంత సులభముగా తేల్చలేడు. ఒక ఊరి లాభముతో వేరొక ఊరి నష్టమును పూడ్చునప్పుడు, ఆ లాభమిచ్చిన ఊరివారిని అడిగిన వారెవ్వరు?