బిడ్డ కొలత

ఇంటి యజమాని వేసవి సెలవులలో తన యేడేండ్ల కుమార్తెకు వ్రాతబల్ల చేయ తలపెట్టినయెడల, పెద్దలు అడుగు మాట యొకటి యున్నది. "మూడేండ్లలో పొట్టిదగు దానికి ఇంత కలప యేల? పెద్ద బల్లయే చేసిన చిరకాలము ఉండును గదా!" ఇది లోభి మాట కాదు, రూపాయి విలువ యెరిగినవారి మాట. పంట అమ్మి, అప్పు తీర్చి, మిగిలిన దానితో ఇల్లు గడుపుకొను మనము దీనిని తేలికగా త్రోసివేయరాదు. కాబట్టి న్యాయముగా ఆలోచింతము. త్వరలో ఎదిగిపోవు బిడ్డకు ఆ బిడ్డ కొలతకే వస్తువు చేయుట దుబారాయా?

మొదట బిడ్డను పెద్ద బల్లయొద్ద కూర్చుండబెట్టి చూతము. పెద్దల బల్ల యెత్తు సుమారు 30 అంగుళములు, కుర్చీ యెత్తు 18. యేడేండ్ల బిడ్డకు తగినది సుమారు 21 అంగుళముల బల్ల, 12 అంగుళముల పీట. పెద్ద కుర్చీపై ఆ చిన్న కాళ్ళు గాలిలో వ్రేలాడును. చేతులను బల్లపైకి ఎత్తవలసి వచ్చినందున భుజములు బిగిసికొనును. ముఖము పుస్తకమునకు మరీ దగ్గరగా పోవును. కొంతసేపటికి బిడ్డ అటు ఇటు కదలును. మనము కుదురు లేదని గద్దింతుము. తప్పు బల్లది, దెబ్బ బిడ్డకు!

సౌలు దావీదునకు తన ఆయుధములు తొడిగిన సంగతి 1 సమూయేలు 17వ అధ్యాయములో చదువుచున్నాము. రాజు తనకున్న వాటిలో మంచివే ఇచ్చెను. అయినను వాటితో నడువలేక దావీదు వాటిని తీసివేసెను. ఎంత మంచి వస్తువైనను, కొలత తప్పినప్పుడు మోయువానికి భారమే.

అదే గ్రంథము 2వ అధ్యాయములో మరియొక కొలత కలదు. హన్నా షిలోహులో నున్న తన కుమారునికి ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెడిది. ఒకేసారి పెద్దది కుట్టియిచ్చిన అనేక సంవత్సరములు వచ్చెడిది. పండ్రెండు నెలలలో పొట్టిదగునని యెరిగియు ఆమె చిన్నదే కుట్టెను. దూరమున నున్న బిడ్డ ఇప్పుడెంత యెదిగి యుండునో తలపోయకుండ ఆ బట్టను కత్తిరించుట ఎట్లు? కొలత తీయుటయనగా బిడ్డను కన్నులార చూచుటయే.

ఇక పని సంగతి. బిడ్డ అరికాళ్ళు నేలపై ఆనునట్లు కూర్చున్నప్పుడు, నేలనుండి మోకాలి వెనుక మడతవరకు పీట యెత్తు. చేయి వ్రేలాడదీసి మోచేయి మడిచినప్పుడు, ఆ మోచేయి మట్టమున బల్ల పైచెక్క ఉండవలెను. పొడవు 24, వెడల్పు 16 అంగుళములు చాలును. బాగుగా ఆరిన వేపచెక్క మంచిది. పచ్చికలప ఆరినకొలది వంగును, పగులును. పుస్తకములకు పైచెక్క క్రింద 3 అంగుళముల లోతుగల పెట్టె అమర్చి, పైచెక్కనే మూతగా చేసి మడతబందులు వేయవలెను. లోతు అంతకు మించిన తొడలకు తగులును. మూత ముందు అంచున వ్రేళ్ళు పట్టునంత గంటు కోయవలెను. లేనియెడల మూత పడినప్పుడు వ్రేళ్ళు నలుగును. మూలలు గుండ్రము చేసి, పెట్టె లోపల కూడ చిత్రిక పట్టి, ఉప్పుకాగితముతో రుద్దవలెను. లోపల ఎవరు చూతురని అనుకొనవద్దు. దినదినము అందులో చేయి పెట్టునది ఆ బిడ్డయే.

ఆ పెట్టె బిడ్డదే కానిండు. తనదని ఒకటి యున్నప్పుడే ఇతరులది ఏదో తెలియును, ఇచ్చుటయు తెలియును. బిడ్డ ఇంట లేనప్పుడు దానిని వెదకక, అడిగి తెరచుట మనకు మర్యాద. మనము బిడ్డను గౌరవించిన విధముననే బిడ్డయు ఇతరులను గౌరవించుట నేర్చుకొనును.

పొదుపు కోరువారికి సమాధానము లేకపోలేదు. కాళ్ళక్రింద రెండంగుళముల దిమ్మలు వేసిన బల్ల మరి కొన్నాళ్ళు వచ్చును. తరువాత తమ్మునికో చెల్లికో, పొరుగింటి బిడ్డకో ఉపయోగపడును. అయితే ఈ లాభము లేకపోయినను అది చేయదగిన పనియే. బాల్యము కొద్దికాలమే ఉండును. అంతమాత్రమున దానికొరకు చేసిన ఖర్చు వ్యర్థమగునా? వస్తువు ఎన్నేండ్లు నిలిచెనని అడుగుట మంచిదే. అది అవసరమైన దినములలో అక్కరకు వచ్చెనా అని కూడ అడుగవలెను.

కలప కొను స్తోమత అందరికి లేదు. నేలపై కూర్చుండి వ్రాయు బిడ్డకు, మోకాళ్ళకు తగులకుండ ఇరువైపుల ఇటుకలు పేర్చి, మోచేయి మట్టమునకు వీలైనంత దగ్గరగా ఒక పలక పెట్టవచ్చును. ప్రక్కన పుస్తకములకు ఒక రేకుపెట్టె చాలును. కొలత తీయుటకు మాత్రము రూపాయి అక్కరలేదు, నూలుత్రాడు చాలును.

ప్రియులారా, జూన్ మాసమున బడులు తెరచుటకు ముందు ఇంటిలోని పిల్లలందరిని పిలిచి కొలత తీయుదము. కుమారునికి కొలిచి, నీళ్ళకు వెళ్ళిన కుమార్తెను మరచితిమా? ఆమె వచ్చువరకు ఆ త్రాడు చేతనే పట్టుకొని యుందము.