కాటా దగ్గర కాపలా

ఒరే అల్లుడూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మిర్యాలగూడ మిల్లులో కాటా కంప్యూటర్ని ఎవరైనా లాగాఫ్ చేస్తే లారీల బరువులు ఆఫీసుకి పంపే నీ ప్రోగ్రాం ఆగిపోతుందేమోనని పదకొండింటిదాకా అక్కడే కూర్చున్నావట. మానిటర్ మీద "దయచేసి లాగౌట్ చేయరాదు" అని కాగితం కూడా అంటించావట. నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. ఆ కాగితం నేనూ ఒకప్పుడు అంటించాను. గుమాస్తా మారాడు, కాగితం ఊడింది, అంతే.

నీ ప్రోగ్రాం తప్పేం లేదురా. లాగిన్ అయినప్పుడు విండోస్ నీ పేరున ఒక షామియానా వేస్తుంది, దాన్నే సెషన్ అంటారు. నువ్వు తెరిచే ప్రతి విండో దాని కిందిదే. లాగాఫ్ కొట్టావంటే సర్దుకోమని అన్నిటికీ కబురు పంపి, పందిరి విప్పేస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లోంచి వస్తే మాత్రం లాగాఫ్ కొట్టకుండా, పైన ఇంటూ గుర్తు నొక్కి బయటికి రా. సెషన్ అలాగే నడుస్తూ ఉంటుంది. కానీ ఒక్కసారి కరెంటు పోయి మిషన్ మళ్లీ లేచిందా, ఆ సెషనూ ఉండదు, నీ ప్రోగ్రామూ ఉండదు.

"దాన్నే లాగిన్ లేకున్నా నడిచే సర్వీసుగా పెట్టేస్తా మావయ్యా" అంటావు. ఎన్‌ఎస్‌ఎస్‌ఎం లాంటి పనిముట్టుతో అయిదు నిమిషాల పని. నేనూ చేశాను. మూడు రోజులు సర్వీసు "రన్నింగ్" అనే చూపించింది, ఆఫీసుకి మాత్రం ఒక్క లారీ బరువూ చేరలేదు. తీరా చూస్తే ప్రోగ్రాం ఎక్కడో చిన్న పెట్టె వేసి, ఎవరైనా ఓకే నొక్కుతారని కూర్చుంది. ఎక్స్‌పీ రోజుల్లో మొదట లాగిన్ అయినవాడూ సర్వీసులూ ఒకే సెషన్‌లో ఉండేవాళ్లు కాబట్టి అలాంటి పెట్టె కనిపించే వీలుండేది. అదే సందుగా మామూలు ప్రోగ్రాములు సర్వీసుల అధికారాన్ని కొట్టేసే ప్రమాదముందని 2007లో వచ్చిన విస్టా నుంచి సర్వీసుల్ని సెషన్ సున్నాలోకి తోసి, మనుషుల్ని ఒకటి నుంచి మొదలుపెట్టారు. మంచి పనే, నాకు మాత్రం మూడు రోజుల చివాట్లు మిగిలాయి. ఇంకో సంగతి, నువ్వు తగిలించుకున్న జడ్ డ్రైవు నీ లాగిన్‌కే కనిపిస్తుంది, సర్వీసుకి కాదు. సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారి రాయి.

లైనక్స్‌లోనూ ఇదే తంతు. తెర నడిపే ఎక్స్ సర్వర్ పోతే దాన్ని పట్టుకున్న విండోలన్నీ పోతాయి, నోహప్ పెట్టినా నిలవవు. అక్కడ ఎక్స్‌వీఎఫ్‌బీ ఉంది. మెమరీలోనే ఉత్తుత్తి తెర ఒకటి కడుతుంది, ప్రోగ్రాం దాన్నే నిజమని నమ్మేస్తుంది. ఆ రెంటినీ సిస్టమ్‌డీకి అప్పజెప్పు. యూజర్ సర్వీసుగా పెడితే, నువ్వు లాగౌట్ అయినా అది ఆగకుండా లింగర్ ఆన్ చెయ్యడం మరవకు.

నా మాట వింటే, ప్రోగ్రాంని రెండుగా విడగొట్టు. సీరియల్ పోర్టులో బరువు చదివి డేటాబేస్‌లో రాసేది ఒకటి. దానికి విండోలొద్దు, పెట్టెలొద్దు, ఏం చెప్పాలన్నా లాగ్ ఫైల్లో చెప్పాలి. సర్వీసు కావాల్సింది అదే. గుమాస్తా చూసే తెర రెండోది. అది డేటాబేస్‌లోంచే చదవాలి, పోర్టు జోలికి పోకూడదు. విండోస్‌లో పోర్టుని ఒకసారికి ఒక్కడే తెరవగలడు.

సోర్సు నీ చేతిలో లేదంటావా? అప్పుడు నామోషీ పడకు. అధికారాలు తక్కువున్న ఖాతా ఒకటి తెరిచి, మిషన్ లేవగానే దానంతటదే లాగిన్ అయ్యేలా, ఆ వెంటనే తెరకి తాళం పడేలా పెట్టు. గుమాస్తా స్విచ్ యూజర్‌తో తన ఖాతాలోకి వెళ్తాడు, తనది లాగాఫ్ చేసుకున్నా నీ ఖాతా కదలదు. దీన్ని చూసి మూతి విరిచేవాళ్లున్నారు. వాళ్లెవరూ మిల్లులో రాత్రిళ్లు కూర్చోరు.

ఆదివారం లారీలుండవుగా, మిషన్ని రీస్టార్ట్ చేసి, లాగిన్ కాకుండా కాటా ఎక్కి నిలబడు. అది పది కేజీల చొప్పున చూపించేదైనా ఫరవాలేదు. నీ బరువు ఆఫీసు పట్టీలో పడిందంటే సరిగ్గా కుదిరినట్టే. ఆ అంకె మీ అమ్మకి కూడా చెప్పు. చిక్కిపోయావని ఒకటే గోల.

మీ మావయ్య