అమ్మల దారిలో రుసుము

మేడారం సమ్మక్క సారలమ్మ జాతర నాలుగు రోజుల్లోనూ గురువారం సాయంత్రానికి ఉన్న ఉద్వేగం మరో ఘడియకు లేదు. కోయ పూజారులైన వడ్డెలు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తీసుకొస్తుంటే జిల్లా కలెక్టరు, ఎస్పీ ఎదురెళ్తారు, పోలీసు తుపాకి గాల్లోకి పేలుతుంది. వేరే ఊళ్ళ ఉత్సవాల్లో బాణసంచాకు ఉన్న స్థానం ఇక్కడ ఆ తుపాకి చప్పుడుది. దాన్ని వినడానికి టికెట్ లేదు. దేవతలను నిలిపే గద్దెల పక్కన నిలబడ్డవాళ్ళకూ, దూరంగా చెట్టు కింద పొయ్యి రాజేసుకుంటున్న కుటుంబానికీ అది ఒక్కలాగే అందుతుంది. అయితే అదే ప్రభుత్వానికి చెందిన అటవీ శాఖ, ఏటూరునాగారం అభయారణ్యం దారుల్లో వచ్చే వాహనాల నుంచి పర్యావరణ రుసుము వసూలు చేస్తుంది. 2024 జాతర దగ్గర పడ్డాక భక్తుల ఇబ్బంది దృష్ట్యా ఆ ఫిబ్రవరి నెలకు వసూలు ఆపేశారు. అందరూ హర్షించారు. మినహాయింపు అంటే మాత్రం వసూలు చేసే హక్కు ఉందని ఒప్పుకున్నట్టే, ఈసారికి వదిలేశామన్నట్టే. అసలు ఆ హక్కు ఉందా? అందరిదైన పండుగను చేరుకోవడానికి వెల పెట్టవచ్చా? ఈ ప్రశ్న వాహనానికి ఎన్ని రూపాయలన్న లెక్కతో తేలదు. పండుగ ఎవరిది, దాన్ని ఎవరు ఎవరికి ఇస్తున్నారు అన్న చోటికి వెళ్తే గాని తేలదు.

ఇది మన దగ్గరే పుట్టిన చిక్కు కాదు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున కొత్త సంవత్సరపు బాణసంచాను ఒకప్పుడు ఉచితంగానే చూసేవారు. జనం లక్షల్లో పెరిగి అదుపు తప్పుతోందని 2014 చివర్లో తొలిసారి పది పౌండ్ల టికెట్ పెట్టి, లక్ష మందికి పరిమితం చేశారు. ఊరి పార్కుల్లో జరిగే బాణసంచా వేడుకలకూ ఇలాగే టికెట్లు పెడుతుంటారు. అక్కడ వాదన స్పష్టంగా ఉంటుంది: నగరపాలక సంస్థ ఒక ప్రదర్శన ఏర్పాటు చేస్తుంది, జనం చూస్తారు, ఖర్చులో కొంత వాళ్ళు భరించాలి. ఈ వాదన న్యాయంగా నిలవాలంటే ఒక షరతు ఉంది. చేసేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు అయి ఉండాలి. బాణసంచా విషయంలో అది చాలావరకు నిజం. జాతర విషయంలో ఆ షరతే నిలవదు.

మేడారం జాతరను ఎవరు చేస్తున్నారో చూడండి. కన్నెపల్లి నుంచి సమ్మక్క కూతురు సారలమ్మను తెచ్చేది అక్కడి కోయ పూజారులు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు. సారలమ్మ భర్త గోవిందరాజు ఏటూరునాగారం మండలంలోని కొండాయి నుంచి వస్తాడు. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి ఆ కొండాయిని ముంచెత్తింది, మనుషులు కొట్టుకుపోయారు. ఆరేడు నెలలు గడవగానే ఆ ఊరి నుంచే గోవిందరాజు మళ్ళీ మేడారం గద్దెకు చేరాడు. ఇక దారి పొడవునా వచ్చేవాళ్ళలో చూసిపోదామని వచ్చినవాళ్ళు ఎందరు? శివసత్తులు పూనకంతో వస్తారు. తల్లులు ఒడిబియ్యంతో వస్తారు. కోరిక తీరినవాళ్ళు నిలువెత్తు బంగారం, అంటే తమ ఒంటి బరువంత బెల్లం, మోసుకొస్తారు. కోళ్ళు, మేకలు వస్తాయి. సమ్మక్క దిగే దారిలో ఎదురుకోళ్ళు వేసేది ఈ భక్తులే. ఈ జనాన్ని తీసేస్తే మేడారంలో మిగిలేది గద్దెలూ వెదురు కర్రలూ. విగ్రహం కూడా లేని చోట జాతర అనేది వచ్చినవాళ్ళతోనే తయారవుతుంది. వాళ్ళ దగ్గర ప్రవేశానికి డబ్బు అడగడమంటే, పెళ్ళికి బియ్యమూ పప్పూ తెచ్చి వంట చేస్తున్న చుట్టాన్ని పందిట్లోకి రావడానికి టికెట్ అడిగినట్టే.

ఆ బెల్లం దగ్గర కాసేపు ఆగాలి, ఈ వాదనకు ఆయువుపట్టు అక్కడే ఉంది. నిలువెత్తు బంగారంలో కొలత మనిషి శరీరం. కోటీశ్వరుడైనా కూలీ అయినా తన బరువంతే ఇస్తాడు. డబ్బున్నవాడి బరువు డబ్బును బట్టి పెరగదు. పైగా ఇది మొక్కు. ఎవరికి వారు తమ మనసులో అమ్మకు ఇచ్చుకున్న మాట. దాన్ని ముందే నిర్ణయించిన అధికారి లేడు, ఇవ్వలేదని ఆపేసే గేటు లేదు. హుండీలో వేసే రూపాయి కూడా అంతే. వేయకపోయినా దర్శనం ఆగదు. ప్రవేశ రుసుము దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ మొత్తం ముందే ఖరారవుతుంది, ఇవ్వనివాడు బయటే ఉంటాడు, ఇచ్చినవాడికి అమ్మతో కొత్త బంధమేమీ ఏర్పడదు, వసూలు చేసినవాడితో లావాదేవీ ముగుస్తుంది. రెండింట్లోనూ చేతులు మారేది డబ్బే అయినా, ఒకటి మనిషిని దైవం ముందు నిలబెడుతుంది, మరొకటి కౌంటరు ముందు నిలబెడుతుంది.

మేడారం విషయంలో మరో కారణం కూడా ఉంది, నా దృష్టిలో ఇదే బలమైనది. తరతరాలుగా జనం చెప్పుకునే కథలో యుద్ధానికి మూలం కప్పం. కరువు వచ్చింది. మేడారాన్ని ఏలుతున్న పగిడిద్దరాజు కాకతీయ ప్రతాపరుద్రుడికి కప్పం కట్టలేకపోయాడు. సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, కూతుళ్ళు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరాడి పడిపోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడు, ఆ వాగే జంపన్నవాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి అదృశ్యమైంది. ఇందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో చరిత్రకారులు తేల్చనివ్వండి. మత విశ్వాసంలో మాత్రం ఈ కథ అక్షరాలా పని చేస్తోంది. పంట లేనివాడి నుంచి పన్ను గుంజకూడదన్న న్యాయం కోసం చనిపోయినవాళ్ళనే ఈ అడవి దేవతలుగా నిలుపుకుంది. నేటి ప్రభుత్వం గుట్ట కింద తుపాకి పేల్చి వందనం చేయడంలో గొప్ప అర్థం ఉంది: ఒకనాడు ఆయుధంతో ఎదురొచ్చిన రాజ్యం ఇప్పుడు అదే ఆయుధాన్ని ఆకాశం వైపు తిప్పి తల వంచుతోంది. ఆ వందనం మనస్ఫూర్తిగా చేసేదైతే, అమ్మల దగ్గరికి వెళ్ళే దారిలో ఆ రాజ్యమే వసూలుకు కూర్చోవడం దానికి పొసగదు.

ఖర్చు మాటేమిటని అడిగేవాళ్ళ మాట కొట్టిపారేయలేం. 2020లోనూ, 2022లోనూ జాతర ఏర్పాట్లకు 75 కోట్ల రూపాయల చొప్పున రాష్ట్రం కేటాయించింది. తాగునీరు, మరుగుదొడ్లు, రోడ్లు, వైద్యం, వేల మంది పోలీసులు. ఇవి గాల్లోంచి రావు. జాతరకు రానివాడి పన్నుతో వచ్చినవాడి సౌకర్యం ఎందుకు చూడాలన్నది ప్రశ్న. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పుడే జవాబు ఇచ్చేసింది. రాష్ట్ర పండుగ అన్నాక అది అందరి బాధ్యత. ఎవరి పిల్లలు చదువుతున్నా బడిని అందరి డబ్బుతో నడపడం లేదా? ఆర్టీసీ బస్సుకు ఛార్జీ ఇవ్వడం, గుడారానికి అద్దె ఇవ్వడం వేరు. అవి పొందిన సేవకు చెల్లింపులు; వద్దనుకున్నవాడు నడిచి రావచ్చు, చెట్టు కింద పడుకోవచ్చు. రావడానికే వెల పెడితే ఆ వద్దనుకునే వీలు ఉండదు.

టికెట్ ఉంటే జనం అదుపులో ఉంటారన్నది రెండో వాదన. లండన్ అనుభవం దానికి కొంత బలమిస్తుంది, కాదనను. కానీ 2025 జనవరి 8న తిరుపతిలో ఏం జరిగింది? వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం బారులు తీరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అవి ఉచిత టోకెన్లే. అంటే చేతిలో చీటీ పెట్టడం వల్ల రద్దీ మాయం కాలేదు. దైవం దగ్గరి రద్దీ చీటీ ఇచ్చే చోటికి మారింది. జనాన్ని కాపాడేవి వెడల్పైన దారులు, వేర్వేరు రాకపోకలు, ముందుగా వేసుకున్న అంచనా. చెక్‌పోస్టు దగ్గర రసీదు చింపి ఇవ్వడానికి ఒక్కో బండినీ ఆపితే రద్దీ పెరుగుతుందే గాని తగ్గదు. పైగా గేటు ఒకసారి వెలిస్తే అది ఒక్క గేటుగా ఉండిపోదు. తిరుమలలో సర్వదర్శనం ఉచితమే, దాని పక్కన 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం, ఆ పైన శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం. ఏటూరునాగారానికి దిగువన గోదావరి ఒడ్డునే ఉన్న భద్రాచలంలో, సీతారాముల కల్యాణానికి మిథిలా స్టేడియాన్ని సెక్టార్లుగా విడగొట్టి దగ్గరికో ధర, దూరానికో ధర పెడుతున్నారు. ఆ డబ్బు మంచి పనికే పోవచ్చు. కానీ దేవుడి పెళ్ళిలో పేదవాడు ఎంత దూరంలో కూర్చోవాలో ధర నిర్ణయిస్తోంది.

ఇక అడవి గురించిన అభ్యంతరం. ఈ అభ్యంతరం ముందు నేను తలొగ్గుతాను, ఎందుకంటే అది నిజమైన గాయం గురించి మాట్లాడుతోంది. లక్షల మంది అభయారణ్యం నడుమ వంటలు చేసి, పడుకుని, ప్లాస్టిక్ వదిలిపోతే అడవికి నష్టమే. నష్టం చేసేవాడు పరిహారం ఇవ్వాలన్నది ధర్మమే. కానీ రుసుము ఆ నష్టాన్ని ఆపుతుందా? ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. పిల్లల సంరక్షణ కేంద్రాల నుంచి పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగాయి. జరిమానా తీసేశాక కూడా మునుపటి స్థాయికి రాలేదు. టీచరును ఇబ్బంది పెడుతున్నామన్న సంకోచం పోయి, డబ్బు కడుతున్నాం కదా అన్న నిబ్బరం వచ్చింది. పర్యావరణ రుసుముకూ అదే ప్రమాదం ఉంది. రసీదు జేబులో పెట్టుకున్నవాడు అడవికి తన బాకీ తీరిందనుకుంటాడు. జాతర చివరి రోజున దేవతలు వనప్రవేశం చేస్తారు. అమ్మ వెళ్ళేది ఆ అడవిలోకే. ఆమె ఇంటిని మురికి చేయకపోవడం భక్తుడి మొక్కులో భాగం కావాలి గాని రసీదుతో తీరిపోయేది కాకూడదు. ప్లాస్టిక్‌ను నిషేధిస్తే, చెట్టు కొట్టినవాడికి శిక్ష వేస్తే, అది తప్పును తప్పుగానే చూడటం.

రుసుము వద్దన్న ఈ వాదనకు మేడారమే ఒక గట్టి ప్రతివాదం చూపిస్తుంది. అక్కడ టికెట్ లేదు గాని వీఐపీ, వీవీఐపీ పాసులున్నాయి. డబ్బు ఇచ్చి ముందుకు వెళ్ళడం తప్పయితే, పలుకుబడితో ముందుకు వెళ్ళడం ఇంకా తప్పు కాదా? అవును, తప్పే. టికెట్ కనీసం ఎవరైనా కొనగలిగేది, పాసు అది కూడా కాదు. కాబట్టి రుసుము వద్దన్నవాళ్ళు పాసులూ వద్దనాలి. ముసలివాళ్ళు, వికలాంగులు, చంటిపిల్లల తల్లులు, తరాలుగా సేవ చేస్తున్న పూజారి కుటుంబాలు. వీళ్ళకు తప్ప మరెవరికీ వేరే దారి ఉండకూడదు. మంత్రులు వరుసలో నిలబడితే భద్రత కష్టమంటారు. అయితే వాళ్ళు జాతరకు ముందో తరువాతో వచ్చి మొక్కు తీర్చుకోవచ్చు. జాతర లేని రోజుల్లోనూ వేల మంది అలా వస్తూనే ఉన్నారు.

2024లో పర్యావరణ రుసుముకు మినహాయింపు ఆ ఒక్క ఫిబ్రవరి నెలకే ఇచ్చారు. చంటిబిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి ఏ ఆదివారమో ఆటోలో బయలుదేరిన కుటుంబానికీ, అభయారణ్యంలో విహారానికి వచ్చిన కారుకూ మధ్య తేడా చెక్‌పోస్టుకు తెలియాలి. విహారానికి వచ్చినవాళ్ళ దగ్గర రుసుము తీసుకోవడం సబబే, వాళ్ళకు అడవి ఒక ప్రదర్శన. గద్దెలకు వెళ్ళేవాళ్ళకు మాత్రం ఏడాది పొడవునా ఆ దారి తెరిచి ఉండాలి. వాళ్ళ నుంచి అడవికి డబ్బు రావాలంటే గద్దెల దగ్గరే, మిగతా హుండీల పక్కన, అడవి పేరుతో ఒక హుండీ పెట్టవచ్చు. జాతర తరువాత మిగతా వాటితో పాటు దాన్నీ అందరి ముందు లెక్కించి, ఆ సొమ్ముతో ఎన్ని మొక్కలు నాటారో, ఎంత చెత్త తీశారో, ఏ కోయ గూడెం యువకులకు ఆ పని ఇచ్చారో ఏటూరునాగారంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం ముందు బోర్డు మీద రాయాలి. నిలువెత్తు బెల్లం మోసుకొచ్చే జనం ఆ హుండీలో ఎంత వేస్తారో ఒక్క జాతరలో పెట్టి చూస్తే తెలుస్తుంది.