వల కోసినవాని నష్టము

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7

మామిడి తోటల నడుమనున్న మైలవరము వారికి సముద్రపు సొరచేపతో పనియేమి అని కొందరడుగవచ్చును. మన కంటికి కనబడని, మన అక్కరకు రాని జీవిపట్ల మనకు ధర్మమున్నదా అనునదే ఇందలి ప్రశ్న.

చేపలన్నిటిలో పెద్దది తిమింగల సొర. అది నలువది అడుగులకు మించియు పెరుగగలదు. అయినను మనుష్యుని వేటాడదు. నోరు తెరచి ఈదుచు, నీటిని వడకట్టి, అందలి సూక్ష్మప్రాణులను, చేపగ్రుడ్లను తినును. అది ఈడునకు వచ్చుటకు ఇంచుమించు పాతికేండ్లు పట్టును. 1995లో తైవానులో పట్టిన ఒక ఆడసొర గర్భమున సుమారు 300 పిల్లలు కనబడెను. అట్టి తల్లిని చంపిన, ఒక తరమునే చంపినట్లు. గుజరాత్ తీరమున కాలేయపు నూనె కొరకును మాంసము కొరకును వీటిని విస్తారముగా చంపిరి. 2001లో భారత ప్రభుత్వము ఆ వేటను నిషేధించెను.

గూటిలోని పిల్లలను తీసికొనినను తల్లిపక్షిని విడువవలెనని ధర్మశాస్త్రము విధించినది. దేవుడు మనకు ఆహారము కాదనలేదు. ఆహారపు మూలమును చెరుపవద్దనెను. కాపునకు వచ్చిన చెట్టును వంటచెరకునకు నరుకువానిని మన రైతులేమందురో మనమెరుగుదుము.

అయితే ఇంకొక చిక్కు కలదు. సొర వలలో పడినయెడల దానిని విడిపించుటకు వల కోయవలసివచ్చును. ఆ వల అప్పుచేసి కొన్నదై యుండవచ్చును. బీదవాని పిల్లల కూడు తీసి చేపను బ్రదికించుట నీతియా? మెప్పు అందరిది, నష్టము ఒక్కనిది అయినయెడల అది దయ కాదని మేము తలంచుచున్నాము. వల కోసినవారికి గుజరాత్ ప్రభుత్వము పరిహారమిచ్చు ఏర్పాటు చేయుట న్యాయమే.

మన రాష్ట్రమందును, 2021 డిసెంబరులో, విశాఖపట్టణము వైపున తంతడి తీరమున వలలో చిక్కిన తిమింగల సొరను జాలరులును అటవీశాఖవారును కలిసి తిరిగి సముద్రములోనికి పంపిరి.

యోనా 4:11లో దేవుడు నీనెవె జనులతోపాటు పశువులను కూడ తలంచెను. ఆయన తలంపులో సొరయు నున్నది, జాలరియు నున్నాడు. ఒకరిని తలంచి ఒకరిని మరచుట మన పని కాదు. సంతలో చేప చవుకగా దొరికినదని సంతోషించునపుడు, దాని వెలలో కొంత ఎవరు మోసిరో విచారింతము. వల కోసినవాని నష్టములో పాలుపంచుకొనుటకు దూరముననున్న మనమును సిద్ధపడుదము గాక.