తలుపులు మార్చకముందు

ధ్యానభాగము: లేవీయకాండము 14:33–48



ఇల్లు బాగుచేసికొనుటను గూర్చి కూడ దేవుని వాక్యములో విధులున్నవని మనలో అనేకులు తలంపరు. అయితే పైభాగము చదివినయెడల, కనాను దేశములో ఒకని ఇంటిగోడమీద పొడ కనబడినప్పుడు ఏమి చేయవలెనో వరుసగా చెప్పబడియున్నది. ఈ మాసము ఆ భాగమును మన వంటయింటి అలమార యొద్దకు తెచ్చి ధ్యానించుదము.

శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గుగనుల ఊరు. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడక మునుపు అది ఆదిలాబాదు జిల్లాలోనిది. అక్కడి క్వార్టర్లలోనైనను, చుట్టుపట్ల పల్లెల ఇండ్లలోనైనను పండుగ దగ్గరపడగానే గోడలకు సున్నము వేయుదుము. అప్పుడు వంటయింటి అలమార కంటబడును. ఆవిరికి తలుపు ఉబ్బినది, గొళ్లెము పడదు, రంగు పెచ్చులూడినది. కొత్త తలుపులు పెట్టించుదమని ఇల్లాలు అడుగును. ఇది తప్పా? తప్పుకాదు. దినమునకు మూడుమారులు ఆమె తెరచి మూయునది ఆ తలుపే గదా! చట్రమును అరలును గట్టిగానున్నయెడల అంతయు పెరికివేయక తలుపులు మాత్రమే మార్చుట పొదుపైన పని.

అయితే మంచి వడ్రంగి వచ్చి మొదట తలుపు కొలువడు. అరలు ఖాళీ చేయుడని చెప్పును. యాజకుడు లోపలికి రాకమునుపే ఇల్లు ఖాళీ చేయవలెనని లేవీయకాండము కూడ చెప్పుచున్నది. డబ్బాలు, గిన్నెలు, పాత సీసాలు బయట పెట్టినప్పుడే వెనుకనున్న తడి మరక, మూలనున్న చెదల మట్టిదారి కనబడును. చెద పురుగు కఱ్ఱను లోపలనుండి తినుచు పైరంగును పొరవలె విడిచిపెట్టును. చూచువారికి అది మంచి కఱ్ఱయే.

అందుచేత వడ్రంగి చట్రమును తట్టి చూచును. ఈ సంగతి గనిలో పనిచేయు మన సహోదరులకు బాగుగా తెలియును. పనిస్థలములో పైకప్పును కడ్డీతో తట్టి, ఆ మ్రోత విందురు. గట్టి మ్రోత వచ్చినయెడల నిలిచియుండును; డొల్ల మ్రోత వచ్చినయెడల ఆ పొర వదులైనదని తెలిసికొని జాగ్రత్తపడుదురు. గనిలో ప్రాణము కొరకు చేయు ఈ పరీక్షను మన ఇంటిలో, మన హృదయములో ఎందుకు చేయము?

డొల్లపడిన చట్రమునకు ఎంత మంచి తలుపు తెచ్చినను ఏమి ప్రయోజనము? నీటికి తాళునట్లు ఐ.ఎస్. 710 ముద్రగల ప్లయివుడ్డు తెచ్చినను, పుచ్చిన కఱ్ఱలో స్క్రూలు పట్టవు. బందులు వదులగును. కొత్త తలుపు బరువునకే పాత చట్రము విరుగును. అట్లే అప్పు చేసి వంటయిల్లు మెరిపించి, అదే వంటయింటిలో అత్తాకోడండ్రు మాటలాడుకొననియెడల, జీతము ఇల్లు చేరకమునుపే కల్లు దుకాణములో సగమైనయెడల, మనము మార్చినది తలుపు మాత్రమే. గిన్నె వెలుపల తోమి లోపల విడిచిపెట్టువారిని మన ప్రభువు గద్దించిన సంగతి మత్తయి 23వ అధ్యాయములో ఉన్నది.

ఇది విని, పాడైనదంతయు పడగొట్టవలసినదే యని తొందరపడువారు కూడ మనలో గలరు. త్రాగుడులో పడిన సహోదరుని, గుడికి రావడము మానిన కుటుంబమును చూచి, ఇక వారు బాగుపడరని తీర్పు చెప్పుదుము. లేవీయకాండము ఆలాగు చెప్పలేదు. ఇంటివాడు తానే వచ్చి తన ఇంటి సంగతి యాజకునికి తెలుపవలెను. ఇరుగుపొరుగువారు చాటింపు వేయనక్కరలేదు. యాజకుడు వచ్చి, మరక గోడ పైపైననే యున్నదో లోతునకు దిగినదో చూచును. ఏడు దినములు ఇల్లు మూసియుంచి మరల వచ్చి చూచును. అది వ్యాపించియున్నయెడల చెడిన రాళ్లను మాత్రము ఊడదీయించి ఊరిబయట పారవేయించును. గోడ గీయించి, వేరే రాళ్లు చేర్పించి, కొత్త అడుసు పూయించును. అటుపిమ్మట మరల పొడ పుట్టి వ్యాపించినప్పుడే ఆ ఇల్లు పడగొట్టబడును. అది వ్యాపింపనియెడల ఆ ఇల్లు పవిత్రమని యాజకుడు చెప్పును.

చూచితిరా, దేవుని ఓర్పు! ఆయన మరకను కప్పిపుచ్చడు, చూడకుండ పడగొట్టడు. తట్టి చూచును, కనిపెట్టును, చెడినదానిని తీసి మంచిదానిని పెట్టును. పాత రంధ్రములో స్క్రూ పట్టనప్పుడు వడ్రంగి ఏమి చేయును? చట్రము గట్టిదైనయెడల దానిని పారవేయడు. ఆ రంధ్రములో చిన్న కఱ్ఱముక్కను జిగురుతో బిగించి, ఆరనిచ్చి, మరల స్క్రూ ఎక్కించును. మన సంఘములలో అట్టి చిన్న కఱ్ఱముక్కవలె ఇతరుల బలహీనతలో నిలువబడుటకు ఎందరము సిద్ధముగా నున్నాము?

కాబట్టి ఈ పండుగకు తలుపులు మార్పించువారు సంతోషముగా మార్పించుడి, చేతిలోనున్నంతలో చేయించుడి. అయితే ముందు భార్యాభర్తలు కలిసి అరలు ఖాళీ చేయుడి. చట్రమును తట్టి చూడుడి. ఆ సాయంకాలమే దీపము యొద్ద కూర్చుండి, మన ఇంటిలో డొల్ల మ్రోత ఎక్కడ వచ్చుచున్నదని ఒకరినొకరు మెల్లగా అడుగుకొనుడి. కోపముతో కాదు, బాగుచేసికొను తలంపుతో అడుగుడి. సంఘములో పడిపోయిన ఒక కుటుంబమును జ్ఞాపకము చేసికొని, ఈ వారములోనే వారి ఇంటికి వెళ్లుడి. ఏడవ దినమున మరల వెళ్లుడి.

మన లోపలి చట్రమును ఎరిగిన దేవుడు చెడినదానిని తీసివేసి, మన గృహములను తనకు పవిత్రముగా నిలువబెట్టును గాక. ఆమేన్.